డెబ్బై మార్కుల ఇల్లు

ఒక ఇంట్లో మనుషులు స్థిరపడ్డారో లేదో ఆ మనుషులకి తెలియదనీ, అది తేల్చడానికి విడిగా ఒక శాఖ ఉండాలనీ కనిపెట్టిన మొట్టమొదటి ఊరు అదే. మ్యాపులో బాగా పైకి, ఇంకాస్త జరిగితే కాగితం దాటిపోతుందేమో అనిపించేంత పైకి ఉంటుంది. దాని పేరు పలకడం పాఠకులకి కష్టం, రాయడం నాకు కష్టం. కాబట్టి ఊరు అనే అనుకుందాం.

ఆ ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అసలు మంచితనంతోనే వచ్చింది గొడవంతా. పదేళ్ళ క్రితం ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చాయి. వాళ్ళ పిల్లల కోసం ఊరు ముచ్చటపడి బడికి ఇరవై నాలుగు కొత్త కుర్చీలు చేయించింది. తీరా కుర్చీలు తయారయ్యేసరికి ఆ కుటుంబాలన్నీ మూటాముల్లె సర్దుకుని మరో ఊరు వెళ్ళిపోయాయి. ఖాళీ కుర్చీల ముందు ఊరి పరువు పోయిందని కౌన్సిలు వారు బాధపడ్డారు, బాధ తీరేదాకా సమావేశాలు పెట్టుకున్నారు, చివరికి ఒక చట్టం చేశారు. స్థిరపడిన కుటుంబాల పిల్లలకే ఊరి బడిలో చోటు. స్థిరపడనివాళ్ళ పిల్లలు నలభై కిలోమీటర్ల అవతల ఉన్న తాత్కాలిక బాలల పాఠశాలకి బస్సులో వెళ్ళాలి.

తాత్కాలిక పాఠశాలలో చదువంతా తాత్కాలికంగానే ఉంటుంది. పాటలు మొదటి చరణం వరకే నేర్పుతారు. కుండీలో విత్తనం నాటిస్తారు గానీ మొలకొచ్చేదాకా ఉండమని ఎవరికీ చెప్పరు. పిల్లలకి ఒకరి పేరు ఒకరికి చెప్పరు. ఎలాగూ విడిపోయేవాళ్ళే కదా, మనసులు నొచ్చుకోవడం ఎందుకని నంబర్లతో పిలుస్తారు. స్థిరపడ్డారో లేదో నిర్ణయించేది నివాస స్థిరత్వ నిర్ధారణ శాఖ. నూటికి డెబ్బై మార్కులు రావాలి.

ఇవేమీ తెలియని ఇందుమతి తణుకు నుంచి భర్త మురహరితో, ఆరేళ్ళ కూతురు మౌక్తికతో, మూడేళ్ళ కొడుకు ధీరుతో, ఎనిమిది సూట్‌కేసులతో మే నెలాఖరున ఆ ఊళ్ళో దిగింది. మురహరికి గాలిమరలు చేసే కంపెనీలో ఉద్యోగం. అతను గాలిమరల దగ్గరికి వెళ్ళొచ్చేలోపల ఇందుమతి మూడు వారాల్లో ఇల్లు సర్దేసింది. ఎలా సర్దిందంటే, సోఫాకి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచింది. పరుపుకీ అంతే. భోజనాల బల్ల మీద పారదర్శకమైన షీటు పరిచింది. టీవీ రిమోట్‌ని కవర్లో పెట్టి రబ్బరుబ్యాండు వేసింది. పింగాణీ పళ్ళాలు చుట్టాలొస్తే తీద్దామని అట్టపెట్టెలోనే ఉంచి, స్టీలు పళ్ళాల్లో అన్నాలు పెట్టింది. ఖాళీ సూట్‌కేసులు బీరువా మీదికెక్కించింది. గోడ మీద చెయ్యి వేస్తే చెయ్యి విరుగుతుందని పిల్లలకి చెప్పింది. పూర్తయ్యాక గుమ్మంలో నిలబడి చూసుకుని, తన ఇల్లు కొత్తపెళ్ళికూతురిలా ఉందనుకుని మురిసిపోయింది.

ఒక్కటే బెంగ. మౌక్తిక మాట్లాడ్డం మానేసింది. తణుకులో ఆ పిల్ల నోరు మూయించడానికి ముగ్గురు పెద్దవాళ్ళు చాలేవారు కాదు. ఇక్కడికొచ్చాక పొద్దస్తమానం కిటికీ దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న బడిని చూస్తూ ఉండేది. దాన్ని తెచ్చి ఇక్కడ పడేశానే అని ఇందుమతి తనని తనే తిట్టుకునేది.

అలాంటిది ఒకరోజు పక్కింటి పెరట్లో మిర్యా అనే పిల్ల కనిపించింది. తాతగారు హెన్రిక్ దగ్గర ఉంటుంది. మౌక్తికదే వయసు. భాష రాదు కాబట్టి కంచెకి అటు ఆ పిల్ల ఒంటికాలి మీద గెంతింది, ఇటు ఈ పిల్ల గెంతింది. అరగంట గెంతుకున్నాక మౌక్తిక లోపలికొచ్చి, మూడు వారాల తరవాత మొదటిసారి పూర్తి వాక్యం మాట్లాడింది.

"అమ్మా, నేను బళ్ళో మిర్యా పక్కనే కూచుంటాను."

"కూచుందువుగాని తల్లీ," అంది ఇందుమతి. ఆ ఒక్క మాట ఇచ్చేసింది. అక్కడ ఇరుక్కుంది.

జూలై మొదటి వారంలో శ్రీమతి ఓస్టర్‌బెర్గ్ వచ్చింది. ఆవిడ శాఖలో పరిశీలనాధికారి. తలుపు తియ్యగానే, "నమస్కారము," అంది. తెలుగు వినగానే ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళోకి తెలుగు కుటుంబం వస్తోందని తెలిసి శాఖవాళ్ళు ఆవిడ్ని ముందే ఎనిమిది నెలల శిక్షణకి పంపారు. శిక్షణలో పాఠ్యపుస్తకం అంటూ దొరక్క, ఎవరో పాత ప్రభుత్వ ఉత్తర్వుల కట్ట ఒకటి తెప్పించి ఇచ్చారు. ఆవిడ అదంతా శ్రద్ధగా కంఠస్థం చేసింది.

"విషయము: తమ గృహము," అంది ఆవిడ కుర్చీలో కూర్చోకుండానే. "సూచిక: తమ కుమార్తె పాఠశాల దరఖాస్తు. పై విషయమును క్షేత్రస్థాయిలో పరిశీలించుటకై వచ్చియున్నాను. తాము ఈ సోఫాపై ఎన్నడైనను కూర్చుండిరా?"

"రోజూ కూచుంటామండీ."

"కూర్చుండిన ఆనవాలు లేదు."

"కవరుంది కదండీ. అందుకే పాడవలేదు."

"కవరు ఎన్నడు తొలగింతురు?"

ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఇందుమతి కలలో కూడా అనుకోలేదు. "కవరెందుకు తీస్తామండీ? మా నాన్నగారి సోఫాకి పద్నాలుగేళ్ళ నించీ ఉంది."

శ్రీమతి ఓస్టర్‌బెర్గ్ రాసుకుంది. "అనగా తమ తండ్రిగారు సైతము ఇంకనూ స్థిరపడలేదు."

"ఆయన పుట్టి పెరిగిందే ఆ ఇంట్లోనండీ."

"పుట్టుట వేరు, స్థిరపడుట వేరు," అని ఆవిడ రిమోట్ అందుకుంది. రబ్బరుబ్యాండు లాగి వదిలి చూసింది. "ఈ వస్తువును తిరిగి ఎవరికైనను అప్పగించవలసి యున్నదా?"

ఆ తరవాత స్టూలెక్కి సూట్‌కేసులు చూసింది. వాటి పిడులకి విమానం వాళ్ళు కట్టిన కాగితాలు ఇంకా వేలాడుతున్నాయి. "ప్రయాణ సన్నద్ధత: అత్యధికము," అని రాసింది. అట్టపెట్టెలో పళ్ళాలు ఎవరికోసమని అడిగింది. చుట్టాల కోసమని చెబితే, చుట్టాలెవరని అడిగింది. ఇంకా ఎవరూ లేరండీ అంది ఇందుమతి. ఆవిడ బ్యాగులోంచి భూతద్దం తీసి గోడలన్నీ వెతికింది.

"ఇద్దరు పిల్లలు. ఐదు వారములు. ఒక్క గీతయు లేదు. పిల్లలు వాస్తవముగా ఇచ్చటనే నివసించుచున్నారా?"

ఇందుమతి వెనక దాక్కున్న ధీరుని లాగి సాక్ష్యంగా చూపించింది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని గోడకి జానెడు దూరంలో నిలబడ్డాడు. ఆవిడ వాణ్ణి జాలిగా చూసింది.

"చివరి అంశము. పనికిరాని వస్తువుల సొరుగు ఎచ్చట కలదు?"

"పనికిరానివి పారేస్తామండీ."

ఆ మాటకి శ్రీమతి ఓస్టర్‌బెర్గ్ పుస్తకం మూసేసింది. నూటికి పదకొండు మార్కులు వచ్చాయి. అందులో తొమ్మిది వంటింటి గోడ మీద పడ్డ పోపు మరకకి. దాన్ని తుడవలేకపోయినందుకు అప్పటిదాకా ఇందుమతి సిగ్గుపడుతూ ఉంది.

మురహరి నిబంధనలంటే గౌరవం ఉన్న మనిషి. లోపాల జాబితా చూసి భార్యని తిట్టలేదు, ప్రభుత్వాన్నీ తిట్టలేదు. చదివి, మడతపెట్టి, "ఇంకా యాభై తొమ్మిది కావాలి ఇందూ. ఆదివారం నించి మొదలెడదాం," అన్నాడు.

ఆదివారం కవర్లు విప్పారు. సోఫాది మురహరి విప్పాడు, ఇందుమతి చూడలేక వంటింట్లోకి వెళ్ళింది. రిమోట్ కవరు మాత్రం తనే తీస్తానంది. తీసి, కొత్తగా మెరుస్తున్న మీటల్ని చూసి కళ్ళు తుడుచుకుంది. తరవాత పిల్లల చేతికి రంగుపెన్సిళ్ళు ఇచ్చి గోడ మీద గియ్యమన్నారు.

"గీస్తే చెయ్యి విరుగుతుందన్నావుగా," అంది మౌక్తిక.

"ఇప్పుడు విరగదులే. గియ్యి."

"తరవాత విరుగుతుందా?"

ఎంత బతిమాలినా గియ్యలేదు. ధీరు అయితే పెన్సిలు కింద పెట్టి ఏడుపు లంకించుకున్నాడు. శాఖకి ఫోన్ చేస్తే గోడగీతల ప్రోత్సాహకుడు అనే ఉద్యోగిని పంపారు. గడ్డం, చారల చొక్కా. ఆయన పని పిల్లలకి గియ్యడం అలవాటు చెయ్యడం. మూడు రోజులొచ్చి తనే గీసి చూపించాడు. చివరికి పిల్లలు గీశారు. ధీరు అయితే గీత ఆపకుండా గోడ నించి తలుపుకీ, తలుపు నించి మురహరి చొక్కాకీ గీసుకుంటూ పోయాడు. గోడకి ఆరు మార్కులు, చొక్కా చరాస్తి కాబట్టి లెక్కలోకి రాదన్నారు.

పనికిరాని వస్తువుల సొరుగు ఇంట్లో తయారవ్వాలంటే ఏడేళ్ళు పడుతుంది. అదృష్టవశాత్తూ బజార్లో రెడీమేడ్‌గా దొరుకుతోంది. ఏ తాళానిదో తెలియని తాళంచెవి ఒకటి, అయిపోయిన బ్యాటరీలు రెండు, సగం కొవ్వొత్తి, దేనిదో తెలియని మర ఒకటి, ముడిపడ్డ దారం, ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో, అన్నీ కలిపి ఒక సెట్టు. దాంతో పాటు వాడే పద్ధతి చెప్పే పుస్తకం కూడా ఇచ్చారు. ఏదైనా కావలసి వచ్చినప్పుడు ఈ సొరుగులో వెతకాలి, దొరక్కూడదు.

అన్నిటికన్నా కష్టమైంది ఇరుగుపొరుగుతో తగాదా. స్థిరపడిన కుటుంబానికి కనీసం ఒక్క లిఖితపూర్వక ఫిర్యాదు ఉండాలన్నది నిబంధన. హెన్రిక్ గారేమో నలభై ఏళ్ళుగా అదే ఇంట్లో ఉంటున్నా ఎవరితోనూ గొంతు పెంచని మనిషి. మురహరి వెళ్ళి ఇంగ్లీషులో, "మీకు అభ్యంతరం లేకపోతే మాతో ఒకసారి తగాదా పెట్టుకుంటారా?" అని అడిగాడు. ఆయన ఆలోచించి, బుధవారం నాలుగింటికైతే వీలవుతుందన్నాడు. బుధవారం నాలుగింటికి వచ్చి, మీ పోపు వాసనకి నాకు ఆకలేస్తోందని కంచె దగ్గర నిలబడి చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెట్టి, దాంతో పాటు ఒక కేకు ఇచ్చి వెళ్ళాడు. ఇందుమతి మర్యాద కోసం పులిహోర పంపింది. శాఖవాళ్ళు ఫిర్యాదుని పరిశీలించి, "తగాదా యందు తగినంత చేదు లేదు" అని పది మార్కుల్లో రెండే వేశారు.

రెండో పరిశీలనలో మొత్తం యాభై ఎనిమిది వచ్చాయి. ఇంకా పన్నెండు కావాలి. బడి తెరవడానికి మూడు వారాలుంది. మౌక్తిక ఏ రోజుకా రోజు కిటికీ దగ్గర నిలబడి, కంచె మీదుగా మిర్యాకి వేళ్ళతో ఎన్ని రోజులున్నాయో చూపిస్తోంది. ఆ వేళ్ళు చూసినప్పుడల్లా ఇందుమతి వెళ్ళి సోఫాలో గుంట పడేలా కాసేపు కూచునేది.

మూడో పరిశీలనకి శ్రీమతి ఓస్టర్‌బెర్గ్ వచ్చిన రోజు ఇందుమతి పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఆవిడ సోఫా మీద కూర్చుని గుంట ఎంత లోతు పడిందో టేపుతో కొలిచింది. సొరుగు తీసి, "ఇందలి తాళంచెవి మరీ కొత్తగా కన్పట్టుచున్నది," అంది. ఫ్రిజ్ తీసింది. ఆవకాయ సీసా బయటికి తీసి అటూ ఇటూ తిప్పింది.

"దీనిపై తేదీ వ్రాసియున్నది. స్థిరపడినవారు తేదీలు వ్రాయరు. దీనిని తిరిగి తీసికొనిపోవు ఉద్దేశమున్నదా?"

అంతవరకూ ఓర్చుకున్న ఇందుమతికి ఆవకాయ దగ్గర ఓర్పు తెగిపోయింది. సీసా లాక్కుని లోపల పెట్టి, ఫ్రిజ్ తలుపు వేసింది.

"చూడండమ్మా. నా సోఫా కొలిచారు, ఊరుకున్నాను. నా గోడలు పాడుచేయించారు, ఊరుకున్నాను. మా నాన్నగార్ని స్థిరం లేని మనిషన్నారు, పెద్దవారని ఊరుకున్నాను. మా అమ్మ పెట్టిన ఆవకాయ జోలికి మాత్రం రాకండి. ఇది నా ఇల్లు. లేచి బయటికి నడవండి."

గొడుగు కూడా తీసి చేతిలో పెట్టింది. మురహరి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. బడి గుమ్మం దాకా వచ్చింది చేజేతులా పోయిందనుకున్నాడు.

శ్రీమతి ఓస్టర్‌బెర్గ్ గుమ్మం బయట నిలబడి పుస్తకం తెరిచింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నా తొమ్మిదేళ్ళ సేవాకాలమునందు ఇట్లు జరుగుట ఇదియే ప్రథమము. గృహిణి అధికారిని తన గృహమునుండి వెళ్ళగొట్టెను. ఇరవై ఎనిమిదవ అంశము క్రింద పదమూడు మార్కులు. మొత్తము డెబ్బది యొకటి. అభినందనలు."

ధ్రువపత్రం వారంలో వచ్చింది. తెలుగులోనే అచ్చువేశారు. "ఈ కుటుంబము స్థిరపడినది. ఈ నిర్ణయము శాశ్వతము, తిరుగులేనిది." మురహరి మిఠాయిలు తెచ్చాడు. మౌక్తిక పెరట్లోకి పరిగెత్తి ఒంటికాలి మీద గెంతింది. అవతల మిర్యా గెంతలేదు.

జరిగిందేమిటంటే, కౌన్సిలు వారికి అదే నెలలో సమానత్వం గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళకే పరీక్ష పెట్టి ఉన్నవాళ్ళని వదిలెయ్యడం వివక్ష అన్నారు. చట్టం అందరికీ వర్తింపజేశారు. శ్రీమతి ఓస్టర్‌బెర్గ్ హెన్రిక్ గారింటికీ వెళ్ళింది. ఆ ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉంటాయంటే, తెల్లటి గోడ, ఒక కుర్చీ, ఒక దీపం, ఒక కుండీ. సొరుగులు తెరిస్తే లోపల చక్కగా ఏమీ ఉండదు. నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్న హెన్రిక్ గారికి నూటికి పంతొమ్మిది వచ్చాయి. ఇందుమతి ఇల్లు తప్పిస్తే ఊళ్ళో అదే ఎక్కువ.

వీధి వీధంతా ఇందుమతి దగ్గరికొచ్చింది. ఆమె కొంగు బిగించి నేర్పింది. ధీరుని ఇంటింటికీ పంపి గోడలు గీయించింది. తన సొరుగులో సామాను అందరికీ తలా కాస్తా పంచింది. పోపు మరక ఎలా వెయ్యాలో చూపించడానికి పదకొండు వంటిళ్ళలో ఆవాలు చిటపటలాడించింది. కానీ అలవాటు లేని పని కదా, వాళ్ళకి చేతకాలేదు. హెన్రిక్ గారైతే గోడ మీద గీత పడగానే, "క్షమించమ్మా," అని గుడ్డ తీసుకుని తుడిచేశాడు. అధికారిని బయటికి గెంటమంటే, కోటు తొడిగి, రోడ్డు దాకా తోడెళ్ళి, మళ్ళీ రమ్మన్నాడు.

సెప్టెంబరు ఒకటిన మౌక్తిక కొత్త గౌను వేసుకుని బడికెళ్ళింది. వెనకాల ఇందుమతి. తరగతి గదిలో ఇరవై నాలుగు కుర్చీలు వరసగా ఉన్నాయి. ఇరవై మూడు ఖాళీ. టీచరు చాలా మంచావిడ, ఒక్క పిల్ల ఉన్నా హాజరు పట్టీ తెరిచి పేరు పిలిచింది. మౌక్తిక పలకలేదు. కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. బయట రోడ్డు మీద పసుపుపచ్చ బస్సు ఆగి ఉంది. ఊళ్ళో పిల్లలంతా అందులో ఎక్కుతున్నారు. మిర్యా మెడలో పదిహేడు అని రాసిన బిళ్ళ వేలాడుతోంది.

"నువ్వు కూచుందువుగాని అన్నావు," అంది మౌక్తిక తల్లితో. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఇందుమతికి కాస్త తేలిగ్గా ఉండేది.

ఇందుమతి పిల్లని చంకనెత్తుకుని తిన్నగా బడి పక్కనే ఉన్న శాఖ కార్యాలయానికి నడిచింది. ఆరేళ్ళ పిల్ల బరువే, అయినా దింపలేదు.

"మేం స్థిరపడలేదండీ. రాసుకోండి," అంది.

"అసాధ్యము," అంది శ్రీమతి ఓస్టర్‌బెర్గ్. "తమ స్థిరత్వము శాశ్వతము. రద్దు చేయుటకు నిబంధన లేదు."

"మరి ఆ బస్సు ఎక్కాలంటే ఏం చెయ్యాలి?"

ఆవిడ నిబంధనల పుస్తకం మొదటినించీ తిరగేసింది. నిబంధన ఏదైనా ఉందా అని ఎవరైనా అడిగితే ఆవిడకి ఎంతో సంతోషం. "నలుబది యొకటవ నిబంధన. త్వరలో ఊరు విడిచిపోవువారి పిల్లలు, స్థిరత్వముతో నిమిత్తము లేకుండ, తాత్కాలిక పాఠశాలకు అర్హులు. ఇందునిమిత్తము పత్రమునందు తేదీ వ్రాసి సంతకము చేయవలెను. తాము ఊరు ఎన్నడు విడిచిపోవుచున్నారు?"

ఇందుమతి కిటికీలోంచి చూసింది. బస్సు ఇంకా కదల్లేదు.

"రేపండీ," అంది.

"రేపు వెళ్ళని పక్షమున?"

"ఎల్లుండి పొద్దున్నే వచ్చి, రేపు వెళ్ళిపోతామని మళ్ళీ రాస్తాను."

శ్రీమతి ఓస్టర్‌బెర్గ్ పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది. అలా రాయకూడదన్న నిబంధన ఎక్కడా కనపడలేదు. ముద్ర వేసి, పద్దెనిమిది అంకె ఉన్న బిళ్ళ ఇచ్చింది. ఇందుమతి పరిగెత్తింది. బస్సులో మిర్యా పక్కన సీటు ఖాళీగా ఉంది. పదిహేడూ పద్దెనిమిదీ పక్కపక్కనే కూర్చున్నాయి.

పేర్లు చెప్పకూడదన్న నియమం తాత్కాలిక పాఠశాలలో ఆ రోజు మధ్యాహ్నం వరకు నిలిచింది. సాయంత్రం బస్సు దిగేసరికి మౌక్తికకి మొత్తం పిల్లల పేర్లూ, వాళ్ళ కుక్కల పేర్లూ వచ్చేశాయి. ఆ పిల్ల నోరు మూయించడం ఇంక ఎవరివల్లా కాలేదు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ధీరు కూడా ఇప్పుడు ఆ బస్సులోనే వెళ్తున్నాడు. శాఖవాళ్ళు ప్రతి ఏటా అచ్చువేసే నివేదికలో ఆ ఇంటి గురించి రెండు వాక్యాలు ఉంటాయి. ఒకటి, ఊళ్ళో సంపూర్ణముగా స్థిరపడిన ఏకైక కుటుంబము ఇదియే. రెండు, వీరు రేపు వెళ్ళిపోవుచున్నారు.